పెరట్లో టైర్లు, రోడ్డు మీద అమ్మ

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో కోరుట్లలో ఒక అద్దె ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. పెరట్లో ఒక గుట్ట పాత టైర్లు ఉండేవి. లారీవి, ట్రాక్టరువి, జీపువి. చూసినవాళ్లంతా పంక్చర్ షాపు పెట్టారా అని అడిగేవారు. నాకు ఒళ్లు మండేది. జగిత్యాల రోడ్ల ఆఫీసులో ఇంజనీరునని చెబితే ఇంకోసారి టైర్ల వైపు చూసి నవ్వేవారు.

నవ్వితే నవ్వారు గానీ, నా ఆశలన్నీ ఆ టైర్ల మీదే. కోరుట్ల దాటాక వాగు పక్కనుంచి ఒక చిన్న ఊరికి రోడ్డు పోతుంది. ప్రతి వానాకాలం ఆ రోడ్డు అంచు వాగులోకి జారిపోయేది. బస్సు బందయ్యేది. ఊరంతా దసరా దాకా బురదలో నడిచేది. పాత టైర్లను ఇటుకల్లా వరసలు పేర్చి, లోపల మొరం మట్టి దట్టించి, తీగతో కట్టి ఆ అంచును నిలబెట్టవచ్చని నేను రాసి పంపాను. ఎవరూ నమ్మరనుకున్నాను. సర్కారు నమ్మింది. ప్రయోగం కింద కూలీకీ మొరానికీ తీగకూ నిధి ఇచ్చింది. టైర్లు మాత్రం మేమే సేకరించుకోవాలి, మార్చి ఆఖరుకు గోడ లేవాలి. లేకపోతే నిధి వెనక్కి పోతుంది. అలా పోయింది మళ్లీ మన గడప తొక్కదని ఆఫీసులో పనిచేసినవాళ్లెవరికైనా తెలుసు.

ఆఫీసులో వాటికి చోటు లేదన్నారు. వాగు దగ్గర వదిలితే తెల్లారేసరికి ఉండవు. అందుకే పెరట్లో పెట్టాను. సగం టైర్లు మా వీధి చివర పంక్చర్ షాపు చాచా ఇచ్చినవే.

అమ్మది సిరిసిల్ల. సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడులో పెరిగిన మనిషి, మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఉద్యమానికి ఆ గొంతు బాగా పనికొచ్చింది. పొద్దున్నే వంట ముగించుకుని దీక్షా శిబిరానికి పోయేది. మొదట్లో టైర్లను చూసి, "దోమలకు ఇల్లు కట్టినవానే?" అని తిట్టిపోసింది. తర్వాత ఏమైందో, రోజూ వాటిలో నిలిచిన నీళ్లు ఒంపడం, ఎవరికీ కనబడకుండా పాత చీరలు కప్పడం మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే, "మా బిడ్డ సంగతి మీకెరుక లేదు" అని నవ్వి ఊరుకునేది. నా పని విలువ అమ్మకు అర్థమైందని నేను పొంగిపోయాను.

ఆ రోజుల్లో టైర్లు లేనిదే రాస్తారోకో లేదు. కాముని మంటకు కట్టెలు అడిగినట్టే ఇంటింటికీ వచ్చి అడిగేవారు. ఒకసారి మంటకు ఇచ్చింది తిరిగి అడగడమనేది ఉండదు. తెలంగాణ రావాలని నాకూ ఉండేది, ఆఫీసులో పెన్ డౌన్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ తారు రోడ్డు మీద టైరు కాలిస్తే రోడ్లు వేసేవాళ్లకు కడుపు మండుతుంది. దీని మీద అమ్మకూ నాకూ రోజూ యుద్ధమే.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం జగిత్యాల నుంచి వస్తుంటే కోరుట్ల పొలిమేరలో బస్సు ఆగిపోయింది. దిగి నడిచాను. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. అవతల టైర్లు మండుతున్నాయి. ఇంకా అంటుకోని టైర్ల మీద సున్నం గీతలు కనిపించాయి. సైజుల వారీగా విడదీయడానికి నేను గీసుకున్న గీతలు.

అమ్మ గంటె పట్టుకుని ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అచ్చినవా బిడ్డా! సూడు, అన్నీ నీ టైర్లే."

"ఎవలిచ్చిండ్రమ్మా?"

"నేనే ఇచ్చిన. నువ్వు దాసింది గీ దినం కోసమే గదా? సర్కారు నౌకరి, నోరిడిసి చెప్పలేవని నాకెరుక లేదా? గందుకే ఎవ్వలకు చెప్పకుంట కాపాడిన."

వాగు గురించి, గోడ గురించి ఆమెకు ఎన్నోసార్లు చెప్పాను, టైర్లు కాల్చొద్దని పోట్లాడాను. అదంతా పోలీసులకు అనుమానం రాకుండా నేను అల్లిన కథ అనుకుందట. భలే అల్లానని మురిసిపోయిందట కూడా. శిబిరంలో వాళ్లు నాకోసం చప్పట్లు కొట్టి, మిగిలిన టైర్లూ మంటలో వేసి, విస్తట్లో అన్నం పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో అనుకున్నారు.

ఇంటికొచ్చాక అమ్మ మీద విరుచుకుపడ్డాను. "వానకాలం ఆ ఊరోళ్లు ఎట్ల పోవాలె? గోడకు పైసలు మళ్లెవరిస్తరు?"

అమ్మ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "నిజంగ గోడకేనా?"

"నిజంగ గోడకే."

ఆ పూట అమ్మ తినలేదు. నేనూ పిలవలేదు.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. సాయంత్రం ట్రాలీ ఆటోలో టైర్ల మధ్య కూర్చుని సిరిసిల్ల నుంచి దిగింది. అక్కడ సాంచెల షెడ్ల మీది రేకులు గాలికి లేవకుండా టైర్లు పెడతారు. తన తమ్ముడి షెడ్డుతో మొదలుపెట్టి వాడకట్టంతా తిరిగి, రేకుల మీద రాళ్లు పెట్టించి టైర్లు దింపించుకొచ్చింది. అంతటితో ఊరుకోలేదు. శిబిరంలో నిలబడి, మంటకని అందరూ తెచ్చి పెట్టిన టైర్లు కూడా అడిగింది.

"తెలంగాణ అచ్చినంక మనం నడిసేది గీ రోడ్ల మీదనే గదా? వంట చేద్దాం, బతుకమ్మ ఆడుదాం, బస్సులు గట్ల గూడ ఆగుతయి. టైర్లు మాత్రం నా బిడ్డకియ్యుండ్రి."

కొందరు గొణిగారు. మంటకు ఇచ్చింది అడుగుతావా అని ఒకాయన కసిరాడు. అయినా మర్నాటి నుంచి మా గేటు ముందు టైర్లు పడసాగాయి. చాచా మరికొన్ని తెచ్చి, "బేటీ, మీ అమ్మ లీడర్ అయింది. నా షాపుల గిరాకీల టైర్లు గూడ గుంజుకపోయేటట్టున్నది" అన్నాడు.

మార్చి ఆఖరు వారంలో గోడ లేచింది.

వానలు ముదిరాక ఒకరోజు అమ్మను తీసుకుని ఆ ఊరి బస్సెక్కాను. వాగు నిండుగా పారుతోంది. గోడ కదల్లేదు, బస్సు ఆగలేదు. అమ్మ పక్కనున్న ముసలమ్మను మోచేత్తో పొడిచి కిటికీలోంచి చూపించింది.

"గా టైర్లు సూసినవా? ఉద్యమం కోసమని నా బిడ్డ జమచేసింది."

నేను జమచేసినవి ఎప్పుడో బూడిదయ్యాయి. ఆ గోడలో ఉన్నవి ఆమె గడపగడపా తిరిగి అడిగి తెచ్చినవి. ఆ మాటే చెప్దామని నోరు తెరిచాను. ముసలమ్మ నా వైపు తిరిగి, "నిజమేనా బిడ్డా?" అంది.

అమ్మ నా ముఖంలోకే చూస్తోంది.

"నిజమే" అన్నాను.