మెత్తనయ్య ఎడమ చెయ్యి

మెత్తనయ్య అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. సంతకం పెట్టాల్సి వస్తే అతనే ఒక క్షణం ఆలోచించుకునేవాడు. సెలూన్లో తలుపు పక్కనున్న మొదటి కుర్చీ అతనిది. అతను గడ్డం గీస్తుంటే కత్తి తగిలినట్టుండేది కాదు, ఎవరో చెంప మీద మెల్లగా ఊదుతున్నట్టుండేది. వచ్చినవాళ్లలో సగం మంది నురగ ఆరేలోపే గురక పెట్టేవాళ్లు. పెళ్లి రోజు పొద్దున్నే గడ్డానికొచ్చిన పెళ్లికొడుకొకడు ఆ కుర్చీలోనే నిద్రపోయాడనీ, లేచి పరుగెత్తేసరికి పెళ్లివారు భోంచేసి చేతులు కడుక్కుంటున్నారనీ చెప్పుకునేవాళ్లు. ఆ పిల్ల చివరికి అతన్నే చేసుకుందా అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పేవాళ్లు.

అందరూ అతని కుడి చేతిని పొగిడేవాళ్లు. మెత్తనయ్య నవ్వి ఊరుకునేవాడు. గడ్డం గీసేది నిజానికి ఎడమ చెయ్యేనని పని తెలిసినవాళ్లకే తెలుసు. బొటనవేలితో చర్మం సాగదీసేది అది. వెంట్రుక ఎటు వాలిందో, దవడ ఎముక ఎక్కడ తిరిగిందో, కంటికి కనపడని మొటిమ ఎక్కడ దాక్కుందో వేళ్ల కొసలతో తడిమి చెప్పేది అది. అది చెప్పిన చోట కుడి చెయ్యి కత్తి నడిపేది. కుడి చెయ్యి కూలీ అయితే, ఎడమ చెయ్యి మేస్త్రీ.

ఆ మేస్త్రీయే పోయింది. బస్సు కిటికీలోంచి ఎడమ చెయ్యి బయటికి వేలాడేసుకుని మెత్తనయ్య కునుకు తీశాడు. బస్సు ఇరుకు సందులోకి తిరిగింది. గోడకు మెత్తనయ్యని చూసి మొహమాటపడాల్సిన పనేముంది? మణికట్టు పైనుంచి చెయ్యి తీసేశారు.

అతను ఏడవలేదు. చూడటానికొచ్చినవాళ్లు మంచం పక్కన కూర్చుని ఏడుస్తుంటే, వాళ్ల మెడల మీద జుట్టు ఎంత పెరిగిందో చూస్తూ ఉండిపోయాడు. మందుల మత్తు అనుకున్నారు. మందులైపోయాయి, మత్తు దిగలేదు. పెట్టింది తిన్నాడు. ఉప్పు తక్కువైందా అని భార్య అడిగితే, ఏమో, తెలియలేదన్నాడు. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆ ఇల్లాలు మిగిలిన మెత్తని గుడ్డతో మోడైన చేతికి చిన్న తొడుగు కుట్టింది. దాన్ని వేసుకున్న రోజునుంచీ అతను ఆ మోడును ఎవరికీ చూపించలేదు. కట్టుకున్నదానికి కూడా చూపించకుండా, తలుపు వేసుకుని కడుక్కునేవాడు. ఒంట్లో ఇంకెక్కడా ఏమీ తెలియనివాడికి అక్కడ మాత్రం తొడుగు లోపలి కుట్టు గీరుకున్నా తెలిసేది. అది కూడా తెలియకపోతే బాగుండుననుకునేవాడు.

మర చెయ్యి తెప్పించింది కూడా భార్యే. ఎన్ని ఆఫీసుల మెట్లెక్కిందో, ఎవరెవరిని కసిరిందో ఆమెకే తెలియాలి. నల్లటి చెయ్యి, ఐదు వేళ్లు. ఫోనుకు ఎక్కించినట్టే దానికీ చార్జింగు ఎక్కించాలి. తొడుగు తీసేసి, ఒట్టి చర్మం మీదే తగిలించుకోవాలి. వేళ్లు ముడవాలని మనసులో అనుకుంటే మోచేతి కింది కండ బిగుస్తుంది. ఆ బిగువును చెయ్యి పసిగట్టి జుయ్యిమని ముడుచుకుంటుంది. చేతులు అమర్చే డాక్టరమ్మ అంతా ఓపికగా నేర్పి, చివర్లో ఒక మాట చెప్పింది.

"గట్టిగా పట్టుకుంటుంది. కానీ ఏం పట్టుకుందో మీకు చెప్పదు. అది మీరే చూసుకోవాలి."

దానికేమీ తెలియదు, నాకూ ఏమీ తెలియడం లేదు, సరైన జోడీయే కుదిరిందనుకున్నాడు మెత్తనయ్య.

సెలూన్లో రెండో కుర్చీ పిన్ని కొడుకుది. తమ్ముడు మంచివాడే. కానీ మంచితనంతో కొట్టు నడవదు. మొదటి కుర్చీ అన్నాళ్లు ఖాళీగా ఉంటే, వచ్చినవాళ్లు తొంగి చూసి ఎదురు వీధికి వెళ్లిపోతున్నారు. ఒకరోజు తువ్వాళ్లు మడతపెడుతూ, అన్న మొహం చూడకుండా విషయం చెప్పాడు.

"ఈ నెలాఖరుదాకా చూద్దాం అన్నా. కత్తి పట్టి ఒక్కడికి గడ్డం గీశావంటే కుర్చీ నీదే. లేదంటే వేరే అతను వస్తానంటున్నాడు. నువ్వు కౌంటర్లో కూర్చుందువుగానిలే."

ఆ కుర్చీ మెత్తనయ్య తండ్రిది. ఇనుప కుర్చీ, కింద తొక్కుడు పెడలు. నలుగురు మోస్తేగానీ కదలదు. దాన్ని ఇంకొకడికి వదిలేసి, పక్కనే బల్ల దగ్గర కూర్చుని చిల్లర ఇవ్వాలి. కోపమో ఏడుపో వస్తుందేమోనని మెత్తనయ్య కాసేపు చూశాడు. ఏమీ కాలేదు. సరేనన్నాడు.

కొత్తగా పని నేర్చుకునేవాళ్లు బెలూన్ ఊది, నురగ పూసి, పగలకుండా కత్తితో ఆ నురగ తియ్యాలి. మెత్తనయ్య ఆ చదువు చిన్నప్పుడే ముగించాడు. ఇప్పుడు మళ్లీ ఒకటో తరగతిలో కూర్చున్నాడు. మర చేత్తో బెలూన్ పట్టుకోగానే ఠప్పుమనేది. ఎంత నొక్కుతోందో దానికి తెలియదు మరి. గోడల నిండా నురగ. మీ ఇంట్లో రోజూ ఎవరి పుట్టినరోజని పక్కింటావిడ అడిగిందట. మా ఆయనదే, రోజూ కొత్తగా పుడుతున్నాడని చెప్పి భార్య తలుపేసుకుంది. ఎన్నో బెలూన్లు పోయాక, వేలి పక్కన రబ్బరు ఎంత సొట్టపడిందో చూసి పట్టు సడలించడం అతనికి అలవాటైంది. ఠప్పులు తగ్గాయి. చివరికి ఆగిపోయాయి. ఆగిపోయినందుకు భార్యకు కళ్లనీళ్లు తిరిగాయి. అతను బెలూన్ తుడిచి అలమరలో పెట్టాడు.

మళ్లీ కుర్చీ దగ్గర నిలబడ్డాక మొదట వచ్చినవాడు ఎప్పట్నుంచో గడ్డానికొచ్చే బస్సు డ్రైవరు. గడ్డం వద్దులే, క్రాపు చెయ్యమన్నాడు. గొంతు విషయంలో ధైర్యం చాలనట్టుంది. మెత్తనయ్యకు ఒక అలవాటుంది, ఆ మాటకొస్తే ఆ పని చేసేవాళ్లందరికీ ఉంటుంది. రెండు కత్తిరింపుల మధ్య కత్తెరను గాల్లో కిచకిచలాడిస్తారు. దాంతోపాటే ఎడమ చేతిలో దువ్వెన తాళం వేసినట్టు కదులుతుంది. ఇన్నేళ్ల తాళం చెయ్యి పోయినంత మాత్రాన పోతుందా? కుడి చేతిలో కత్తెర కిచకిచమనగానే ఎడమ కండ బిగుసుకుంది. మర చెయ్యి దువ్వెన వదిలేసి డ్రైవరు చెవి అందుకుంది. కంగారులో మెత్తనయ్య కండను ఇంకా బిగించాడు.

"బ్రేకెయ్యవయ్యా, బ్రేకు," అన్నాడు డ్రైవరు పళ్ల బిగువున.

చెవి వదిలేసరికి అది కాస్త ఎర్రబడింది, అంతే. కానీ డ్రైవరు ఆ కథను బస్సెక్కించాడు. మొదటి స్టాపుకి చెవి వాచింది. మూడో స్టాపుకి కుట్లు పడ్డాయి. చివరి స్టాపులో దిగేసరికి పాపం చెవే లేదు. మర్నాటినుంచి జనం రెండో కుర్చీ కోసం బెంచీ మీద వరసగా కూర్చున్నారేగానీ, మొదటి కుర్చీ వంక చూసినవాడు లేడు. మెత్తనయ్యే అందులో కూర్చుని అద్దంలో తన్ను తాను చూసుకునేవాడు. ఎవరో తెలిసిన మనిషిలాగే ఉన్నాడనిపించేది.

ఇంట్లో భార్య ఓర్చుకున్నన్నాళ్లు ఓర్చుకుంది.

"కోపమైనా తెచ్చుకోండి. ఎవరూ దొరక్కపోతే నా మీదే తెచ్చుకోండి."

"ఎందుకూ?"

"ఎందుకేమిటి? నేను మీ మీద తెచ్చుకోవడం లేదూ?"

అతను ఆలోచించాడు. వెతికితే దొరికేదైతే తెచ్చి ఇచ్చేవాడే. ఆమె చూసి చూసి, చెప్పులేసుకుని తండ్రి దగ్గరికి వెళ్లింది.

ఆ తండ్రి, అంటే మెత్తనయ్య మామగారు, బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ముక్కు మీదే కోపం. అల్లుడి పనితనం ఊరంతా పొగిడినా ఆయన ఒక్కసారీ ఆ కుర్చీ ఎక్కలేదు. ఎవరైనా అడిగితే, "కూతుర్నిచ్చాను చాలదూ, గొంతు కూడా ఇవ్వాలా?" అనేవారు. ఆయన గడ్డం ఆయనే గీసుకునేవారు. గీసుకున్న ప్రతిరోజూ మొహం మీద గాట్లకు కాగితం ముక్కలు అంటించుకుని తిరిగేవారు. దూరంనుంచి చూస్తే స్టాంపులు అంటించి చిరునామా రాయడానికి సిద్ధంగా ఉన్న కవరులా ఉండేవారు.

నెలాఖరు రోజు వచ్చింది. కొత్త మనిషి సాయంత్రం వస్తానన్నాడు. మెత్తనయ్య పొద్దుటినుంచీ తన ఖాళీ కుర్చీలో కూర్చుని, ఊరికే ఉండలేక కత్తెరను గాల్లో కిచకిచలాడిస్తున్నాడు. ప్రతి కిచకిచకీ మర చెయ్యి జుయ్యిమని ముడుచుకుంటోంది, తెరుచుకుంటోంది. మధ్యాహ్నం దాటాక మామగారు లోపలికొచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. బనీనుతో అటెన్షన్లో నిలబడ్డారు.

"లే," అన్నారు. అల్లుడు లేచాడు. ఆయన కూర్చున్నారు.

"కత్తితోనే గియ్యి. బ్లేడు మిషన్లూ గిషన్లూ వద్దు."

మెత్తనయ్య ఆయన చెవి దగ్గరగా వంగాడు. "మామగారూ, ఈ చేతికి ఏమీ తెలియదు."

"అన్నీ తెలిసిన చేతులతో నేను ఇన్నేళ్లు గీసుకున్నాను. నా మొహం చూడు." ఆయన తల వెనక్కి వాల్చి గొంతు ఎత్తిపెట్టారు. "కూతుర్నే ఇచ్చినవాణ్ణి. గొంతుదేముంది, కానియ్."

నురగ పడింది. తమ్ముడు తన కుర్చీలో ఉన్నాయన సగం గడ్డాన్ని అలాగే వదిలేసి ఇటు తిరిగాడు. ఆ సగం గడ్డపాయన కూడా తిరిగాడు. మర చెయ్యి జుయ్యిమని వచ్చి చెంప మీద ఆనింది. చర్మం ఎంత సొట్టపడిందో మెత్తనయ్య కళ్లతో కొలిచాడు, బెలూన్ని కొలిచినట్టే. కత్తి కదిలింది. పాత గాట్లన్నిటినీ తప్పించుకుంటూ ఒక చెంప దిగింది, ఇంకో చెంప దిగింది. గొంతు దగ్గరికొచ్చేసరికి మామగారు ఊపిరి బిగబట్టారు. బెంచీ మీదవాళ్లు కూడా బిగబట్టారు. మెత్తనయ్య ఒక్కడే మామూలుగా పీల్చాడు. భయపడటానికైనా ఏదో ఒకటి తెలియాలి కదా.

మిగిలింది పై పెదవి. దానికి ముక్కు కొస పట్టి పైకెత్తాలి. మర చెయ్యి రెండు వేళ్లతో ముక్కు కొస పట్టింది. కుయ్యిమంది. ఆగిపోయింది.

పొద్దుటినుంచీ కిచకిచలకు ముడుచుకుని, తెరుచుకుని, దానిలో ఉన్న చార్జింగంతా అయిపోయింది. మెత్తనయ్య కండ బిగించాడు, వదిలాడు. వేళ్లు కదల్లేదు. సరే, చేతిలో పనైతే ఆపకూడదని పై పెదవి గీయడం ముగించి కత్తి కింద పెట్టాడు. తర్వాతేం చెయ్యాలో తెలియక మామగారి ముక్కు పట్టుకుని నిలబడ్డాడు. చార్జరు ఇంటి దగ్గరుందని చెబితే తమ్ముడు పరుగెత్తాడు.

"విప్పెయ్," అన్నారు మామగారు ముక్కుతో.

"అందరూ ఉన్నారండీ."

"మామగారి ముక్కు పట్టుకుని బజార్లో నిలబడ్డావు. ఇంకా సిగ్గేమిటయ్యా నీకు?"

మెత్తనయ్య అద్దంలోకి చూశాడు. బెంచీ మీద వరసగా మొహాలు. కుడి చేత్తో పట్టీ ఊడదీశాడు. మర చెయ్యి మామగారి ముక్కునుంచి వేలాడి, గుండెల మీది తువ్వాలు మీద వాలింది. మోడు బయటపడింది. లేత గులాబీ రంగులో, చివర ముడతతో.

"గడ్డం నున్నగా వచ్చిందా లేదా?" అన్నారు మామగారు.

పని ముగిశాక ఎడమ చేత్తో చెంప తడిమి చూసుకోవడం అతని అలవాటు. ఆలోచించకుండానే వంగి తడిమాడు. తడమడానికి అక్కడ చెయ్యి లేదు. మోడు వెళ్లి మామగారి దవడకు తగిలింది.

తడి తెలిసింది. ముందు తడి, దాని కింద చల్లదనం, ఆ కింద వెచ్చదనం. దవడ ఎముక మలుపులో ఇసుక రేణువుల్లాగా గరగర. అక్కడ కొన్ని వెంట్రుకలు మిగిలాయి, కింది వైపు వాలి ఉన్నాయి. కళ్లకు కనపడలేదు. మెత్తనయ్య మోడును అక్కడే ఉంచాడు. తీసి, మళ్లీ పెట్టాడు. వెంట్రుకలు అక్కడే ఉన్నాయి.

నురగ కాస్త రాసి, మోడుతోనే చర్మం సాగదీసి, కత్తి అందుకున్నాడు. మేస్త్రీ మారింది, మాట తీరు మారింది. కానీ ఎక్కడ గియ్యాలో చెబుతోంది. చెంపంతా, గొంతంతా తడుముతూ మళ్లీ ఒక చుట్టు వచ్చాడు. ఎవరున్నారో, ఎవరు చూస్తున్నారో పట్టలేదు.

తమ్ముడు చార్జరు పట్టుకుని రొప్పుతూ వచ్చేసరికి మామగారు గురక పెడుతున్నారు. ఆ గురకకు తువ్వాలు మీద నల్లటి చెయ్యి లేస్తోంది, పడుతోంది. మొహం మీద కాగితం ముక్క ఒక్కటీ లేదు. లేపొద్దని మెత్తనయ్య కళ్లతోనే చెప్పాడు.

ఆ వెనకే ఒకతను సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు. సంచీలో కత్తెరలు చప్పుడయ్యాయి. తను పని చెయ్యాల్సిన కుర్చీ ఏదని అడిగాడు. తమ్ముడు మొదటి కుర్చీ వంక చూశాడు. అందులో నోరు తెరుచుకుని నిద్రపోతున్న పెద్దమనిషిని చూశాడు, ముక్కుకున్న చేతిని చూశాడు, చెంప మీద ఆనివున్న మోడును చూశాడు.

"ఖాళీ లేదండీ," అన్నాడు మెల్లగా.

మెత్తనయ్య అది విన్నాడు. సంతోషం కలిగిందా అని ఎవరైనా అడిగివుంటే చెప్పలేకపోయేవాడు. మామగారి చెంప వెచ్చగా ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా కాస్త కదులుతోంది. ప్రస్తుతానికి అంతవరకే తెలుస్తోంది. మోడు తియ్యకుండా అతను అలాగే నిలబడ్డాడు.