మోత తగ్గిన బండి

బండి పనులంటే నాకు విసుగొచ్చి శానా ఏండ్లాయె. ఒక దిక్కు టైరు మార్పిచ్చి ఊపిరి పీల్చుకునే లోపట ఇంకో దిక్కు బ్యాటరీ సావు కబురు చెప్తది. అందుకే సైలెన్సర్ సంగతి మూడేండ్లు పట్టించుకోలే. తుప్పు పట్టి, పైపుకు రెండు వేళ్లు దూరేంత బొక్క పడ్డది. బండి స్టార్ట్ చేస్తే వాడంత మోత. మా ఇంటామె "ఏందయ్యా, చెప్పకుండ ట్రాక్టర్ కొన్నవా" అని ఎగతాళి చేసేది. నేను నవ్వి ఊకునేటోన్ని.

నిజం చెప్పాల్నంటే ఆ మోత నాకు పనికొచ్చింది. నాది పాత పికప్ బండి. వెనుక రేకు తుప్పు పట్టిన కాడ చెక్కలు పరిచిన, అంతే. మిగిలినదంత కంపెనీ ఎట్లిచ్చిందో అట్లనే ఉన్నది. పత్తి ఏరే కాలంల పొద్దుగాల మా ఊరి ఆడోళ్లను ఎక్కించుకొని ఇచ్చోడ అవతలి చేన్లకు తోలుకపోత, మాపటికి తోలుకొస్త. వారంల ఒకటి రెండుసార్లు పత్తి లోడు భైంసకు కొడ్త. ఈ అన్నింట్ల పొద్దుగాల ఆడోళ్లను పిలుసుడే పెద్ద పరేషాన్. ఫోన్ చేస్తే ఎత్తరు, చేతులు జొన్నపిండిల ఉంటయి. హారన్ కొడితే చంటిపిల్లలు లేస్తరని తిడ్తరు. బొక్క పడ్డంక ఆ బాధ పోయింది. నేను మలుపు తిరుగంగనే మోత విని, సద్ది గిన్నెలు పట్టుకొని, నడుముకు పత్తి ఒడి కట్టుకుంట ఒక్కొక్కలే బయటికొచ్చేటోళ్లు. నేను సీటు దిగే అక్కరనే లేకుండె. అందుకే ఆ బొక్కను అట్లనే ఉంచుకున్న. అది ఉత్త బద్ధకం కాదు, నాకు దాంతోని సుఖముండె.

ఆ వచ్చేటోళ్లల్ల మా అక్క గూడ ఉండేది. నాకంటే తొమ్మిదేండ్లు పెద్ద. మమ్మల్ని కన్న అవ్వ పోయిననాడు నేను ఇంకా బడికి పోతున్న. అప్పటి సంది నా తల దువ్వి, సద్ది కట్టి, అంగీ గుండీలు కుట్టింది ఆమెనే. బావ పోయినంక మా పక్కింట్లనే ఉంటున్నది. చేన్లల్ల కైకిలికి పోవద్దంటే వినదు. "చేతులు కాళ్లు ఆడుతున్నయి గదరా తమ్మీ, కూసొని ఏం జేయాలె" అంటది. అందరికంటె ముందు వచ్చి నిలబడ్తది, అందరు ఎక్కినంక ఎక్కుతది. ఆమె జాగ ఎప్పుడు ఒక్కటే, వెనుక తలుపు దగ్గర ఎడమదిక్కు మూల. పైపుకు బొక్క పడ్డది సరిగ్గ ఆ మూల కిందనే. చెక్కల సందులకెళ్లి పొగ పైకి వచ్చేది.

"అక్కా, జర ముంగటికి జరుగరాదు" అని నేను రెండు మూడు సార్లు అన్న.

"నాకు ఈడనే పానం అల్కగుంటది తమ్మీ. గాలి తగుల్తది" అన్నది.

నేను నమ్మిన. నమ్మితే ఇంకేం పని ఉండదు గద.

ఆదివారం మా చర్చిల పాట ఎత్తుకునేది అక్కనే ఉండె. మైకు లేని రోజులల్ల గూడ ఆమె గొంతు గేటు దాక వినవచ్చేది. రెండేండ్ల సంది పాడుడు బంద్ చేసింది. చప్పట్లు కొడ్తది, పెదవులు ఆడిస్తది, గంతే. పాస్టరమ్మ అడిగితే "ఇగ పిల్లల్ని పాడనియ్యిండ్రి, మేమెన్నాళ్లు" అన్నది. వయసు మీద పడ్డదని నేను అనుకున్న. ఆమె మీద నాకు జర కోపం గూడ వచ్చింది, బతిమిలాడిచ్చుకుంటున్నదని.

పోయిన పత్తికాలంల సైలెన్సర్ మార్పిచ్చిన. అది అక్క కోసం అని చెప్పుకుంటే బాగుండు, కాని అబద్ధమైతది. ఫిట్‌నెస్ కాయిదం కోసం బండి తీస్కపోతే, ఆర్టీవో ఆఫీసు సార్ బండి చుట్టు ఒక్కసారి తిరిగి, "ఈ మోతేంది, ఈ పొగేంది, బాగుచేయించుకొని రా" అని ఎల్లగొట్టిండు. ఆయన తప్పేం లేదు. నేనే రెండు రోజులు ఆయన్ని తిట్టుకుంట తిరిగిన.

ఆ వారమే భైంసల లోడు దించి, నాకు ఎరుకున్న మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి పోయిన. ముసలాయన. కండ్లద్దాలకు దారం కట్టుకొని ఉంటడు. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడు కలిపి మాట్లాడ్తడు, మూడిట్ల మొఖం మీదనే అంటడు. బండి కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకున్నడు.

"ఎన్ని రోజుల సంది గిట్లున్నది భాయ్?"

"మొన్నమొన్ననే ఉస్తాద్."

"మొన్నమొన్ననే? గా తుప్పు మూడు వానకాలాలు చూసింది."

నేను మాట మార్చిన. షాపు గోడకు సైలెన్సర్లు వేలాడుతున్నయి. ఒకటి తళతళ మెరుస్తున్నది, లావుగున్నది, లోపట జాలీ లేదు ఏం లేదు, ఉత్త గొట్టం. కుర్ర డ్రైవర్లందరు అదే పెట్టిచ్చుకుంటున్నరు. అది పెడితే బండి జోరు పెరుగుతదని చెప్పుకుంటరు. నిర్మల్ ఘాట్ మీద లోడుతోని నా బండి రెండో గేరుల ఏడ్చుకుంట ఎక్కుతది, వెనుకోడు హారన్ కొట్టి కొట్టి నా పానం తీస్తడు. నా మనసు దాని మీదికే గుంజింది. పైగ మోత ఉంటది, పొద్దుగాల నేను దిగే పనుండదు.

"గది పెట్టు ఉస్తాద్" అన్న.

"పెడ్త. ఫిట్‌నెస్ సార్ మల్ల ఎల్లగొడ్తడు, నువ్వు మల్ల నా దగ్గరికే వస్తవ్. నాకేం ఫికర్?" అన్నడు. "జోరు అంటవా, ఇంజన్ కంపెనీదే గద. అది పీల్చే గాలి అంతనే, ఇడిచే పొగ అంతనే. గొట్టం లావు చేస్తే ఇంజన్ లావైతదా?"

"మరి నన్నేం చేయమంటవ్?"

ఆయన మూలకెళ్లి ఇంకోటి తీసిండు. బూడిద రంగుది, మెరుపు లేదు. పైపు కంపెనీదాని కన్న జరంత లావు, డబ్బ జర పొడుగు. "గిది పెట్టు. బండి సాఫీగ ఊపిరి ఇడుస్తది. ఘాట్ ఎక్కుడు కొంచెం అల్కగైతది, కొంచెమే, మల్ల నన్ను అడగొద్దు. మోత ఉండదు. పైపు తోక మాత్రం బాడీ దాటేదాక తీసి పక్కకు వంచుత. నీ బండి మీద మనుషులు ఎక్కుతరు గద."

"నీకెట్ల ఎరుక?"

ఆయన నన్ను బండి వెనుకకు తీస్కపోయి చెక్కలు చూపెట్టిండు. ఎడమ మూలంత మసి. ఆ మసి నడుమల ఒక మనిషి కూసునేంత జాగ మాత్రం శుభ్రంగున్నది. "ఎవరో రోజు గీడనే కూసుంటున్నరు" అన్నడు.

నేను చూసిన. చూసి, "పొద్దు గూకుతున్నది, నాకు ఆకలైతున్నది, ఏదో ఒక సైలెన్సర్ జల్ది బిగించు" అన్న. ఆ జాగ మా అక్కదని నాకు ఎరుకనే. ఎరుకుండి గూడ నా పానం అటు పోలే. పొద్దటి సంది స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఇంటికి పోవుడు తప్ప వేరే ఆలోచన రాదు. ఇది సాకే, కాదంటలేను.

తెల్లారి పొద్దుగాల మలుపు తిరిగిన. ఒక్క తలుపు తెరుచుకోలే. బండి ఆపుకొని చూస్తున్న, ఎవ్వరు రారు. రోడ్డు మీద అక్క ఒక్కతే నిలబడ్డది, ఎప్పటి లెక్కనే. నాకు తిక్క లేసింది. దిగి ఇంటింటికి పోయి తలుపులు కొట్టిన. "బండి వచ్చినట్టు మాకు కల పడ్తదా అన్నా" అని ఒకామె, "ఇన్నేండ్లకు బండి బాగుచేసినవ్, మాకు చెప్పాలె గద" అని ఇంకొకామె, అందరు నన్నే తిట్టిండ్రు. అరగంట ఆలస్యమైంది. అందరు ఎక్కినంక అక్క ఎక్కి, తన మూలకు తను కూసున్నది.

రోడ్డెక్కినంక బండి మెత్తగ పోతున్నది. ఉస్తాద్ మాట నిజమే, మోత లేదు. వెనుక ఆడోళ్ల మాటలు గూడ వినవస్తున్నయి. జర సేపటికి ఇంకో సప్పుడు వినవడ్డది. ఖణ్ ఖణ్ అని ఆగకుండ కొడ్తున్నది. కొత్త పైపు ఎక్కడో లూజైంది, ఉస్తాద్ ముంచిండు అనుకున్న. గేరు మార్చి చూసిన, ఆ సప్పుడు మారలే. స్పీడు తగ్గించిన, అది తగ్గలే. పక్కకు ఆపి ఇంజన్ బంద్ చేసిన. ఇంజన్ ఆగినంక గూడ ఆ సప్పుడు వస్తనే ఉన్నది.

అది మా అక్క దగ్గు.

దిగి వెనుకకు పోయిన. కొంగు నోట్ల కుక్కుకొని, ముంగటికి వంగి దగ్గుతున్నది. మిగిలినోళ్లు ఆమె దిక్కు చూస్తలేరు, వాళ్లకు అది రోజు వినే దగ్గు. బండి నడిపే నాకే కొత్త.

"ఏం లేదు తమ్మీ, దుమ్ము" అన్నది, ఊపిరి అందినంక.

పక్కన కూసున్నామె నా దిక్కు తిరిగింది. మా వాడదే, నాకు వదిన వరస. "ఎక్కడి దుమ్ము? నీ పొగకు ఆ మూల కూసునేటందుకు ఎవ్వరు ఒప్పుకోలే. గా పొగల కూసునేదుంటే వేరే బండెక్కుతమని మేమంతా చెప్పినం. 'బండి ఖాళీ పోతే మా తమ్ముడు ఆగమైతడు, ఆ మూల నేను కూసుంట, మీరు వానికి మాత్రం చెప్పకుండ్రి' అన్నది మీ అక్క. మూడేండ్లాయె" అన్నది.

అక్క ఆమెను గుడ్లురిమి చూసింది. అక్క చెయ్యి పట్టుకొని దించి, ముందు సీట్ల కూసోబెట్టిన. ఆ రోజు ఆమెను చేను దగ్గర దించలే. ఆడోళ్లను దించి, సీద ఆదిలాబాద్ దవాఖానకు తోలిన.

డాక్టర్ వీపు మీద మిషన్ పెట్టి శానా సేపు విన్నడు. "ఊపిరితిత్తులు బాగ దెబ్బతిన్నయి. పొగ వల్ల ఇట్లయితది. ఈమె పొగల ఎక్కడన్న పని చేస్తదా?" అని నన్ను అడిగిండు. నేను నోరు తెరిచే లోపట అక్క అందుకున్నది.

"కట్టెల పొయ్యి సార్. చిన్నప్పటి సంది కట్టెల పొయ్యి మీదనే వంట."

ఆమె ఇంట్ల గ్యాస్ పొయ్యి ఉన్నది. ఏడేండ్ల కింద ఇదే బండిల తెచ్చి పెట్టింది నేనే. డాక్టర్ కాయిదం మీద రాసుకుంటున్నడు. నేను అదే రాయనిచ్చిన. పోయింది తిరిగి రాదు, ఇగనన్న పొగ తగలనియ్యకు, మందులు ఆపకు అని చెప్పి పంపిచ్చిండు.

బయట బండి ఎక్కినంక అడిగిన, "కట్టెల పొయ్యి అన్నవేంది అక్కా?"

"మరి ఏమనాలె?" అన్నది. "ముంగట గంతమంది కూసున్నరు. మా తమ్ముని బండి పొగ అనాల్నా?"

నేను బండి స్టార్ట్ చేసిన. కొత్త సైలెన్సర్ గద, ఇంజన్ ఉన్నట్టే తెలుస్తలేదు. ఇచ్చోడ దాక ఆమె ఊపిరి వినుకుంటనే వచ్చిన.