మామ చెప్పమన్న తప్పు

మా ఎదురింటి మామ పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "అన్నా, నాయన పోయినాడు. పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలో పెట్టుకోని అట్టే ఉండిపోయినాడు. నేను నిద్రపోతా ఉండాడనుకున్నా" అంది. నేను చెన్నైలో ఒక డబ్బింగ్ స్టూడియోలో ఉన్నాను. ఉన్నపళంగా చిత్తూరు బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, నా మీద నాకే కోపం వచ్చింది. ఆ కోపం ఎందుకో చెప్పుకోకపోతే ఆయన గురించి ఒక్క మంచి మాట రాసే అర్హత నాకు లేదు.

మామ మాకు చుట్టం కాదు, వరస కలుపుకుని పిలవడమే. నిఘా ఉద్యోగం. యూనిఫారం లేని పోలీసని వీధిలో అందరికీ తెలుసు, ఏం చేస్తాడో మాత్రం ఎవరికీ తెలియదు. మామూలు చొక్కా, మామూలు పంచె, మామూలు మొహం. పెళ్ళిలో మీ పక్కనే కూర్చుని భోంచేసి వెళ్ళినా మర్నాడు మీకు గుర్తుండడు. ఆ మాట అంటే తెగ సంబరపడేవాడు. "మాకు అదే కదల్లుడా ప్రమోషను" అనేవాడు.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. నెలకోసారి ఐరాల దగ్గర ఒక గానుగకు పోయి, సంచీ నిండా బెల్లం తెచ్చి వీధంతా పంచేవాడు. ఆయనకేమో చక్కెర జబ్బు. గోరంత ముక్క కూడా నోట్లో వేసుకునేవాడు కాదు. "నువ్వు తినని బెల్లానికి అంత దూరం ఏంటికి పోతావన్నా?" అని మా అమ్మ అడిగితే "గాలి మార్పుకి లేమ్మా" అని తప్పించుకునేవాడు. మేం నవ్వుకుని పాయసం వండుకునేవాళ్ళం.

రెండువేల సంవత్సరం దాటాక నేనొక చిన్న సినిమాకు అసిస్టెంటుగా చేరాను. కుర్ర గూఢచారి కథ. కార్లు గాల్లో లేవవు, హీరో పదిమందిని కొట్టడు. ఉన్నది ఉన్నట్టు తీయాలని డైరెక్టరు పట్టుదల. "ఆ పని నిజంగా చేసినవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. నేను మహా గొప్పగా ఆయన్నీ, హీరోనీ మామ ఇంటికి తీసుకువెళ్ళాను. అప్పటికి ఆయన రిటైరై ఇంట్లోనే ఉన్నాడు.

హీరోను మామ తోమిన తోముడు ఇంతా అంతా కాదు. పలమనేరు బస్టాండులో పొద్దుట్నించి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టాడు. "ముందు ఆ నల్లద్దాలు తీసెయ్యప్పా. నువ్వు ఊరిని సూడాల, ఊరు నిన్ను సూస్తా ఉండాది" అన్నాడు. "టీ తాగేటప్పుడు టీనే తాగు. తాగతా ఉన్నట్టు నటించబాక." మధ్యాహ్నానికి ఆ అబ్బాయి నీరసపడి ఇంకెంతసేపు సార్ అంటే, "మా పనిలో సగం కాళ్ళనొప్పి, సగం ఒంటేలు ఆపుకోవడం. మిగిలిందే దేశసేవ" అని నవ్వాడు. నేను ఆయన నవ్వగా చూసిన రోజుల్లో అదే ఆఖరుదేమో.

మర్నాడు మామ ఇంటి వసారాలో కూర్చున్నప్పుడు డైరెక్టరు మాటవరసకు అడిగాడు: "మీరెప్పుడైనా పొరపాటు పడ్డారా?" మామ తువ్వాలు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టి మొదలుపెట్టాడు.

తొంభైల మొదట్లో ఒక మనిషి వెనక పడ్డాడట. ఆ మనిషి పేలుడు సామాను తెప్పించే ముఠాకు కబుర్లు మోసేవాడు. సత్యవేడు నుంచి వెంటబడితే వాడు తిరుపతి చేరి, కొండెక్కి, తలనీలాలిచ్చే చోటికి దూరాడు. "నేను బయట నిలబడినా. లోపలికి పోయినోళ్ళంతా నల్ల తలలు, బయటికొచ్చేవాళ్ళంతా గుండ్లు. అందరికీ గంధమే. నాకు బయం లేదు. మొఖం మారతాది, జుట్టు మారతాది, నడక మారదని నా నమ్మకం. వాడికి కుడికాలు ఈడ్చే అలవాటు. కాలు ఈడుస్తా ఒకడొచ్చినాడు. వీడేనని చెయ్యి చూపించినా."

అక్కడ ఆగాడు. "అల్లుడా, నువ్వు ఈ ఊరోడివి. నువ్వు చెప్పు. ఉత్తకాళ్ళతో అన్ని మెట్లెక్కినోళ్ళలో ఆ పొద్దు కుంటకుండా నడిచేవాడు ఒకడన్నా ఉంటాడా? నాకు ఆ మాత్రం తట్టలేదే!"

పట్టుకెళ్ళింది మొక్కు తీర్చుకోవడానికి నడిచి కొండెక్కిన ఒక రైతుని. ఐరాల పక్కన చెరకు పండించి బెల్లం వండుకునే మనిషి. పదకొండు రోజులు ఉంచుకుని, కాదని తేలాక పొమ్మన్నారు. పోయేటప్పటికి ఆయనకు ఎడమ చెవి వినపడటం లేదు. ఎవరు తనను చూపించారో ఆయనకు తెలియదు. అసలువాడు మళ్ళీ దొరకలేదు.

మా ఇంట్లో పాయసమైన బెల్లం ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది.

"చెప్పాలనే పోతానల్లుడా, ప్రతి నెలా. ఆయప్ప నన్ను సూస్తానే రాప్పా అని గలాసు నిండా చెరుకుపాలు ఇస్తాడు. తాగలేను, పారబొయ్యలేను. నోరు రాదు. బెల్లం తీసుకోని వచ్చేస్తా" అన్నాడు. తర్వాత డైరెక్టరు వైపు తిరిగి చేతులు జోడించాడు. "సార్, ఇది సినిమాలో పెట్టండి. ఏమీ మార్చబాకండి. మీ పిల్లోడు తప్పు మనిషిని చూపిస్తాడు, అంతే. నేను చెప్పలేంది ఆయప్పకు మీ సినిమా చెప్తాది."

డైరెక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. సీను అలాగే రాశాడు, అలాగే తీశాడు. షూటింగు రోజు మామ కెమెరా వెనక నిలబడి, గుండుతో కుంటుతూ నడిచే నటుణ్ణి చూడలేక మొహం తిప్పుకున్నాడు.

ఇక్కడి నుంచి నా నిర్వాకం. సినిమా కొనేవాళ్ళకు ఆ సీను నచ్చలేదు. హీరో అమాయకుణ్ణి పట్టిస్తే జనం ఒప్పుకోరన్నారు. మళ్ళీ తీసే స్తోమత లేదు. డబ్బింగులో గుండు మనిషి నోట నేరం ఒప్పుకున్నట్టు రెండు మాటలు పెడితే చాలు, వాడే దొంగ అయిపోతాడు. ఆ రెండు మాటలు రాయమని డైరెక్టరు నాకు చెప్పాడు. నేను రాశాను. టీ చల్లారేలోపు రాసిచ్చాను. మామకు ఫోన్ చేద్దామనుకుని, ఆయన బాధపడతాడని నాకు నేనే సాకు చెప్పుకుని గమ్మునున్నాను. నిజానికి నా భయం ఆయన బాధపడతాడని కాదు, నాకు చీవాట్లు పడతాయని.

చిత్తూరులో విడుదల రోజు, ఉదయం ఆట. నేను హాలు గేటు దగ్గర ఉన్నాను. మామ ఆటో దిగాడు. పక్కన ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి. "ఈయప్పే" అన్నాడు మామ నా చెవిలో. అప్పుడన్నా నోరు విప్పవలసింది. "రండి, సీట్లు చూపిస్తా" అన్నాను. థూ!

మామ ఆయన కుడి పక్కన, వినపడే చెవి వైపు కూర్చున్నాడు. నేను వెనక వరసలో. కొండ మీద సీను వచ్చింది. ఆ రైతు ముందుకు వంగాడు. "ఏమప్పా, ఇది నాకు జరిగింది మాదిరే ఉండాదే!" అన్నాడు. మామ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి నేను రాసిన రెండు మాటలు వినపడ్డాయి. హీరో గుండు మనిషి చెంప పగలగొట్టాడు. హాలంతా ఈలలు.

రైతు ఆ చెవిటి గొంతుతో, గట్టిగా, హాలు సగం వినేట్టు అడిగాడు: "అంటే ఆయప్ప నిజంగానే దొంగా?"

మామ లేచాడు. ఆయన్ను చెయ్యి పట్టుకుని బయటికి, సైకిల్ స్టాండు దగ్గరికి తీసుకొచ్చాడు. నేను వెనకే పరుగెత్తాను. "ఆయప్ప దొంగ కాదు. నువ్వూ కాదు. కొండ మీద నిన్ను చెయ్యెత్తి చూపించింది నేనే" అన్నాడు మామ. పదేళ్ళకు పైగా రాని మాట అంత సూటిగా వచ్చేసింది.

రైతు మామ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. "నువ్వా?" అన్నాడు. "నెల నెలా నా ఇంటికొచ్చింది దీనికా?" చెప్పులు ఈడ్చుకుంటూ బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

"ఆ మాటలు ఎవురు రాసినారల్లుడా?" అని మామ అడిగాడు. నేనే అన్నాను. "ముందే చెప్పుంటే ఆయప్పని తోడుకోని వచ్చేవాణ్ణి కాదు గదా" అన్నాడు. అంతే. తిట్టలేదు. ఆ తర్వాత కూడా చిత్తూరు వెళితే భోంచేశావా అని అడిగేవాడు. తిట్టి ఉంటే నాకు సులువయ్యేది. ఐరాల మాత్రం మానుకున్నాడు. వసారాలో కుర్చీ వేసుకుని వీధిని చూస్తూ కూర్చునేవాడు. పని లేని నిఘా మనిషి అంతకంటే ఏం చేస్తాడు?

దహనమైన మర్నాడు నేను ఐరాల బస్సెక్కాను. గానుగ అడుగుతూ వెళ్ళాను. ఆయన పొయ్యి ముందు కూర్చుని ఎండిన చెరకు పిప్పి లోపలికి తోస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. కుడి పక్కకు వెళ్ళి, మామ పోయాడని చెప్పాను. పిప్పి తోసే చెయ్యి ఆగింది.

"ఎప్పుడు?"

"మొన్న పొద్దున."

చేతిలో పిప్పి కింద పెట్టాడు. "ఆయప్ప వస్తాడనుకున్నా. ఇంగోసారి వస్తే చెప్దామని ఒక మాట పెట్టుకోనుంటి" అన్నాడు.

"ఏం మాట పెద్దాయనా? నాకు చెప్పండి" అన్నాను. మంచి మాటైతే మామ కూతురికైనా చెప్పవచ్చని ఆశ. చెడ్డదైతే నేనే మోసుకుంటాను.

"అది ఆయప్పకు చెప్పాల్సింది. నీకు కాదు" అన్నాడు.

మళ్ళీ పిప్పి అందుకున్నాడు. బెల్లం వండే పెద్ద పెనంలో పాకం ఉడుకుతూ పైకి పొంగుతోంది. ఆయన నా వైపు నుంచి మొహం తిప్పుకుని, ఆ పొగలో, పొయ్యి ఎగదోస్తూ కూర్చున్నాడు.