బావ బండ మీద నా పళ్ళు

నా పై వరుసలో ముందు పళ్ళు నాలుగు, రెండుసార్లు ఊడాయి. మొదటిసారి ఊడినవి దేవుడు ఇచ్చినవి. రెండోసారి ఊడినవి డాక్టరమ్మ ఇంకా ఇవ్వనివి. ఇవ్వని పళ్ళు ఎలా ఊడతాయని మీరడుగుతారు. అడగండి. మా చుట్టాలంతా ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, అదీ నేను ముద్ద నోట్లో పెట్టుకునే సమయం చూసి మరీ.

మొదటి ప్రమాదం తాండూరులో మా బావ ఇంట్లో జరిగింది. బావది నాపరాళ్ళ వ్యాపారం. అందరూ బండలను అమ్ముకుంటే, ఈయన వాటికి అద్దంలా పాలిష్ పట్టించి సొంత వాకిట్లో కూడా పరిచాడు. వానాకాలం. కాళ్ళు కడుక్కుని వస్తున్నాను. ఆ తర్వాత నేను చూసింది బండ. చాలా దగ్గరగా చూశాను. లేచి కూర్చునేసరికి నోటినిండా రక్తం, అరచేతిలో నాలుగు పళ్ళు. మా అక్క కేక విని బావ పరుగెత్తుకొచ్చి నా పక్కనే మోకాళ్ళ మీద వంగాడు. దవడ పట్టుకుని చూస్తాడేమోనని ముఖం ఎత్తి ఇచ్చాను. ఆయన అరచేత్తో బండను తుడిచి, గోటితో గీసి చూసి, "బండకేం గాలే" అన్నాడు.

నిర్ఘాంతపోయాను. మీరే చెప్పండి, మనిషి పడితే బండను పరామర్శించే బావ ఎవరికైనా ఉంటాడా?

నేను చిన్న విషయాలు మనసులో పెట్టుకునే మనిషిని కాను. చిన్నవీ పెద్దవీ అన్నీ పెట్టుకుంటాను. నెల తిరగకుండానే చుట్టాల పెళ్ళిలో మా చిన్నాయన దగ్గర ఫిర్యాదు పెట్టాను. మా ఇళ్ళలో ఏ తగువైనా తీర్చేది ఆయనే. బావ ముందే నిలబడి, "సిగ్గుండాలె బావా, సిగ్గుండాలె" అని మొదలుపెట్టాను. ముందు పళ్ళు లేవు కదా, ప్రతి 'సి'కీ ప్రెషర్ కుక్కర్‌లా ఈల వచ్చింది. రెండో ఈలకు బయట పడుకున్న కుక్క తోక ఊపుకుంటూ లోపలికొచ్చింది. పందిరి మొత్తం నవ్వింది. పెరుగు నోట్లో పెట్టుకుని నవ్వినవాళ్ళెవరో కూడా నాకు గుర్తుంది.

చిన్నాయన కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పాడు. "ముందుగాల పండ్లు పెట్టిచ్చుకో కొడుకా. గప్పుడు మంచిగ చెప్పు, కూసోని ఇంట. నువ్ జెప్పింది నిజమైతే నలుగుర్ల మీ బావతోని తప్పైందనిపిస్త."

అదీ సంగతి. లోకంలో అందరూ తినడానికి పళ్ళు పెట్టించుకుంటారు. నేను ఫిర్యాదు చేయడానికి పెట్టించుకోబోయాను.

వికారాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఒక పళ్ళ డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు, పెద్ద ఓపిక. గులాబీ రంగు ముద్ద నా నోట్లో అదిమి అచ్చు తీసింది. అటూ ఇటూ ఉన్న పళ్ళకు సన్నని తీగ కొక్కేలు, మధ్యలో నాలుగు కట్టుడు పళ్ళు, తీసి పెట్టుకునేవి అని వివరించింది.

"కొరకడానికి కొంచెం అలవాటు పడాలి సార్" అంది.

"కొరుకుడు తర్వాత డాక్టరమ్మా. నాకు ముందుగాల 'సిగ్గు' అనే మాట సాఫ్‌గ రావాలె."

ఆమె నా వంక ఒక చూపు చూసి, చేతి తొడుగులు మార్చుకుంది. ఆ చూపు కూడా నాకు గుర్తుంది.

బావ కొత్త పాలిషింగ్ షెడ్డు తెరుస్తూ ఇచ్చే దావత్ ఆదివారం. చుట్టాలంతా వస్తారు, చిన్నాయనా వస్తాడు. అదే ఆదివారం పొద్దున డాక్టరమ్మ నన్ను పిలిచి పళ్ళు పెట్టి అద్దం చేతికిచ్చింది. చూసి నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది. "సిగ్గు" అన్నాను. ఈల లేదు. "సిగ్గు, శరం, సంస్కారం" అన్నాను. ఒక్క చుక్క గాలి జారలేదు.

"ఇది ట్రయల్ సార్" అంది డాక్టరమ్మ. "పళ్ళను మైనంలో గుచ్చి చూపిస్తున్నాం. రంగు, వరుస మీకు నచ్చితే ల్యాబ్‌కు పంపిస్తా. మైనం తీసేసి గట్టిది పోస్తారు. వచ్చే ఆదివారం ఇస్తాను."

"వచ్చే ఆదివారం దావత్ లేదు గద."

"పళ్ళుంటే ఎన్ని దావత్‌లైనా చేసుకోవచ్చు సార్. తీసి ఇచ్చేయండి."

"జర బయట మా ఇంటామెకు చూపిచ్చొస్త."

బయట బెంచీ మీద ఉన్న మా ఆవిడ నా నోట్లోకి తొంగి చూసింది. "మంచిగున్నయ్. లోపట ఇచ్చి రాపో."

"చెప్పులేసుకో."

"ఎందుకు?"

"రైలు టైమైంది."

"ఏందయ్యా, గవి ఇంక మనయి గావు గద?"

"నా నోట్లున్నయి నాయే" అని ఆమెను స్టేషన్‌కు లాక్కుపోయాను.

రైలంతా నా ప్రసంగం సాధన చేసుకున్నాను. "మనిషన్నంక సిగ్గుండాలె" అని కిటికీ వైపు చూసి అంటే, ఎదురు సీటాయన చాపిన కాళ్ళు కిందికి దించాడు. మాటకు అంత బలం వచ్చింది. ఇంతలో డాక్టరమ్మ ఫోన్. "సార్, అది బయటికి తీసుకెళ్ళేది కాదు. కనీసం..." అంటుండగానే కట్ చేశాను. నన్ను దొంగలా మందలిస్తుందా? కనీసం వేడిది తాగకండి అని ఆమె చెప్పబోయిందని తర్వాత తెలిసింది. తర్వాత అంటే, తెలుసుకుని ప్రయోజనం లేనంత తర్వాత.

షెడ్డు నిండా జనం. కింద కొత్త నీలం బండలు, వంగితే ముఖం కనబడేంత నునుపు. నేను గోడ పట్టుకుని నడిచాను. బావ ఎదురొచ్చాడు. చేతిలో పొగలు కక్కుతున్న మేక కాళ్ళ పాయ గిన్నె.

"ఏం బామ్మర్ది, నోరు మస్తుగ మెరుస్తుందే. తాగు, నీ కోసమే తెచ్చిన."

శత్రువు స్వయంగా వడ్డిస్తుంటే వద్దనడం ఎలా? గిన్నె ఎత్తి గటగటా తాగేశాను. అంగిట్లో ఏదో మెత్తబడినట్టయింది. భయం అనుకున్నాను.

చిన్నాయన కుర్చీలో సర్దుకున్నాడు. "ఆ, పండ్లొచ్చినయి గద. చెప్పు కొడుకా."

లేచాను. "చిన్నాయనా, ఆనాడు గీ మనిషి వాకిట్ల నా పండ్లు నాలుగు పొయినయి" అన్నాను. ప్రతి అక్షరం నాణెంలా పడింది. తింటున్నవాళ్ళు గిన్నెలు కింద పెట్టారు. ఇక అసలు మాట. "సి" అన్నాను.

నా ముందు పన్ను ఒకటి నెమ్మదిగా పక్క పన్ను వైపు తిరిగింది, బస్సులో తోటి ప్రయాణికుడితో మాట్లాడటానికి తిరిగినట్టు. రెండోది నాలుక మీద వాలింది. టక్కున నోరు మూశాను.

"చెప్పు" అన్నాడు చిన్నాయన.

తల అడ్డంగా ఊపాను.

మా ఆవిడ బిత్తరపోయింది. పెళ్ళయిన నాటి నుంచి నా ఫిర్యాదు మధ్యలో ఆగడం ఆమె చూడలేదు. అక్కకూ భయమేసింది. "తమ్మునికేమైంది? కండ్లల్ల నీళ్ళొస్తున్నయి చూడుండ్రి" అంది. పళ్ళను నాలుకతో మోస్తే ఎవరికైనా వస్తాయి.

ఆ నీళ్ళు చూసి మా బావ కరిగిపోయాడు. అవును, నా కళ్ళతో చూశాను. దగ్గరికొచ్చి నా భుజం పట్టుకున్నాడు. "ఏడ్వకు బామ్మర్ది. గింత మనసుల పెట్టుకున్నవా? అందరి ముందట చెప్తున్న, ఆ దినం నేను జేసింది..."

ఇన్నాళ్ళుగా నేను కాచుకున్న మాట ఆయన పెదవుల మీదికొచ్చింది. ఆ ఒక్క మాట అనేసి ఉంటే చాలు. కానీ అనబోతూ, ప్రేమ ఎక్కువై నా వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. బండలు ఎత్తిన చెయ్యి.

నా పళ్ళు బయటికొచ్చాయి. గులాబీ మైనం ముద్దలో నాలుగూ నాలుగు దిక్కులు చూస్తూ, కొత్త నీలం బండ మీద చప్పుమని పడ్డాయి.

బావ ఆగిపోయాడు. కిందికి చూశాడు. మోకాళ్ళ మీద వంగాడు. పళ్ళు ఏరి ఇస్తాడని చెయ్యి చాపాను. ఆయన వాటిని రెండు వేళ్ళతో పక్కకు జరిపి, భుజం మీది తువ్వాలతో బండను రుద్దాడు.

"మైనం అంటింది. మరక పడ్తదేమో. ఎవలన్న బ్లేడు తెండి."

అందరూ బ్లేడు కోసం లేచారు. చిన్నాయన కూడా లేచాడు. ఆ మాట అక్కడే ఆగింది.

మర్నాడు ఆ ముద్దను డాక్టరమ్మ ముందు పెడితే, ఆమె దాన్ని ట్రేలోకి తీసుకుని పళ్ళు ఒక్కొక్కటే మైనంలోంచి ఊడదీసింది. నా వంక చూడలేదు. అదీ గుర్తుంది. ఇప్పుడు నా నోట్లో ఉన్నవి ల్యాబ్ నుంచి వచ్చిన గట్టివి. "సిగ్గు" గంటలా మోగుతుంది. కానీ నేను ఫిర్యాదు ఎత్తగానే చుట్టాలంతా నా ముఖం మాని కింద నేల వైపు చూస్తారు.

అందుకని, నా నాలుగు కట్టుడు పళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద నా నోట్లో పెట్టింది ఏదైనా సరే, అది గట్టిపడేదాకా వికారాబాద్ పొలిమేర దాటను. ఫిర్యాదు ముగిసేదాకా పాయ ముట్టను. బావ చేయి అందేంత దూరంలో వీపు పెట్టి నిలబడను. ఆయన బాకీ పడ్డ ఆ ఒక్క మాటను మాత్రం చచ్చేదాకా వదలను.

బండ మీద మరకేం పడలేదట. నేను కంగారు పడుతుంటానని బావ ఫోన్ చేసి మరీ చెప్పాడు.