ఎనెయిదా సంచీలోని పురుగు

ఎనెయిదా తలుపు తట్టిందంటే తీయని ఇల్లు ఆ వీధిలో లేదు. ప్రేమ కొద్దీ తీసేవారని కాదు, తీసేదాకా ఆమె తడుతూనే ఉంటుంది గనక. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె దోమల శాఖలో ఇన్‌స్పెక్టరు. చేతిలో టార్చి పట్టుకుని కమగ్వే పట్టణంలో పెరళ్ళన్నీ దూరి, మట్టిబానల్లో, పూలకుండీల కింద, పాత టైర్లలో దోమపిల్లలు ఈదుతున్నాయేమో వెతికేది. ఇంట్లో పోయిన పెద్దల కోసం మూలబల్ల మీద గ్లాసుతో నీళ్ళు పెట్టడం అక్కడి ఆనవాయితీ, వాటినీ వదిలేది కాదు. "మీ నాన్నకి దాహమేస్తే తాజా నీళ్ళు తాగుతాడు, ఈ పాచినీళ్ళు ఎందుకు పోస్తారు పాపం" అంటూ కిటికీలోంచి పారబోసేది.

జనం కూడా తక్కువ తిన్నవాళ్ళు కాదు. ఒక బాన చూపించి రెండు దాచేవారు. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే ఊళ్ళో బాన దాచుకోవడం కూడా నేరమేనా అని వాళ్ళ వాదన. దాచినవన్నీ ఎనెయిదా బయటికి లాగేది. పొగ పెట్టే విషయంలో మాత్రం ఆమెది ఒకటే మాట. ఒక్క ఇంట్లో పొగ పెడితే దోమ పక్కింటికెళ్ళి కాఫీ తాగి, పొగ తగ్గాక తిరిగొస్తుంది. పెడితే వీధి వీధంతా ఒకే పూట పెట్టాలి.

ఉద్యోగం అయిపోయిన ఏడాదికే మొగుడు రిగోబెర్తో పోయాడు. రైల్వే వర్క్‌షాపులో ఇంజన్లు బాగుచేసిన మనిషి, గుండె దగ్గరికొచ్చేసరికి ఎవరూ బాగుచేయలేకపోయారు. ఆ తర్వాత కొన్ని నెలలు ఎనెయిదా ఎవరి తలుపూ తట్టలేదు. అప్పుడు ఎవరో ఆమెను వారపు మూట పనిలో పెట్టారు.

వారపు మూట అంటే ఒక హార్డ్ డిస్కు. ఇంటర్నెట్టు అందరికీ అందని ఊరు. వారం వారం హవానా నుంచి బస్సులో ఒక డిస్కు దిగుతుంది. అందులో టర్కీ సీరియళ్ళు, కొరియా సీరియళ్ళు, సినిమాలు, ఫుట్‌బాల్ ఆటలు, పాటలు, ఎవరికీ అక్కర్లేని వంటల కార్యక్రమాలు కూడా ఉంటాయి. ఎనెయిదా తన వంతు డిస్కు తెచ్చుకుని, ఇంట్లో పాత కంప్యూటర్‌కి తగిలించి సరుకు సర్దుకుని, తువ్వాలులో చుట్టి గుడ్డసంచీలో పెట్టుకుని, శనివారం ఇల్లిల్లూ తిరిగేది. ఆ ఇంటి కంప్యూటర్‌కి తగిలిస్తే కావలసినవి వాళ్ళు దింపుకుంటారు. కంప్యూటర్ లేనివాళ్ళు పెన్‌డ్రైవ్ ఇచ్చి నింపించుకుంటారు. దింపేలోగా కాఫీ వస్తుంది, కాఫీతో పాటు కబుర్లొస్తాయి. నిజం చెప్పాలంటే ఆ వచ్చే నాలుగు పెసోల డబ్బు కన్నా ఆ కాఫీలే ఆమెను బతికించాయి. మొగుడు లేని ఇంట్లో మిగతా ఆరు రోజులూ గోడలతో మాట్లాడిన మనిషికి శనివారం వీధంతా తలుపులు తీసేది.

అలాంటి వీధిలో పురుగు పడింది.

మొదట పక్కింటి ఒబ్దూలియా కంప్యూటర్‌లో కనిపించింది. ఒబ్దూలియాకీ ఎనెయిదాకీ మధ్య ఉన్నది ఒకే గోడ, ఆ గోడకి రెండు వైపులా ఉన్నవి రెండు నోళ్ళు. మనవరాలి పదిహేనో పుట్టినరోజు ఫొటోలున్న ఫోల్డర్ మీద ఒక వంకర బాణం మొలిచింది. నొక్కితే తెరుచుకుంటూనే ఉంది గనక ఆవిడ పట్టించుకోలేదు. తర్వాత వారానికి ఎవరి పెన్‌డ్రైవ్ చూసినా బాణాలే. కొందరికి ఫోల్డర్లే కనపడటం మానేశాయి. టర్కీ సీరియల్‌లో హీరోయిన్‌కి చూపు వచ్చే ఎపిసోడ్ మాయమైందని ఇద్దరు ఆడవాళ్ళు నిజంగానే ఏడ్చారు.

ఎవేలియో మాస్టారు అందరికన్నా తొందరపడ్డాడు. ఎవరో ఇచ్చిన వైరస్ మందేదో తెచ్చి తన పెన్‌డ్రైవ్ మీద నడిపాడు. ఆ మందు పురుగునీ చంపింది, పురుగు కూర్చున్న ఫోల్డర్లనీ మింగింది. ఆయన జీవితమంతా రాసుకున్న పద్యాలన్నీ పోయాయి. వీధి ఆ నష్టాన్ని ధైర్యంగా భరించింది.

ఇక నింద మిగిలింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరి దగ్గరా పురుగు ఉన్నా, ఇంటింటికీ తిరిగే సంచీ మాత్రం ఒక్కటే. సరిగ్గా ఆ సమయానికే ఒస్మేల్ దిగాడు. పైవీధిలో మూట తిప్పే కుర్రాడు. బ్యాటరీ స్కూటరు, నల్ల కళ్ళద్దాలు, తన డిస్కు కడిగిన ముత్యమని ఒక మాట. పలకరించినవాళ్ళకీ పలకరించనివాళ్ళకీ ఆ మాట చెప్పుకుంటూ పోయాడు. వీధివాళ్ళు కూడబలుక్కుని ఎనెయిదాకి కబురు చేశారు. పురుగు పోతే సరే, పోకపోతే ఒస్మేల్‌ని రమ్మంటాం అని. ఆ రోజు ఎనెయిదా అన్నం ముట్టలేదు.

ఆమె నేరుగా యాదిరా దగ్గరికి వెళ్ళింది. యాదిరా కంప్యూటర్ క్లబ్బులో పాఠాలు చెప్పే అమ్మాయి, ఒబ్దూలియాకి చెల్లెలి కూతురు. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఫోల్డర్లు ఎక్కడికీ పోలేదట. పురుగు వాటి మీద ముసుగు కప్పేసి, వాటి పేరుతోనే ఒక బాణం పెడుతుందట. జనం బాణాన్ని నొక్కుతారు. ఫోల్డరూ తెరుచుకుంటుంది, చాటున పురుగూ లేచి కంప్యూటర్‌లో కాపురం పెడుతుంది. ఆ తర్వాత ఆ కంప్యూటర్‌కి ఏ పెన్‌డ్రైవ్ తగిలించినా దాంట్లోకి పాకుతుంది.

"కడగడం కష్టం కాదు పిన్నీ. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది వేరే సిస్టం, దాన్ని ఈ పురుగు కుట్టలేదు. దాంట్లో పెట్టి బాణాలు తీసేసి, ముసుగులు లేపేస్తే చాలు. కానీ ఈ ఇంట్లో కడిగేలోపు ఆ ఇంటి నుంచి మళ్ళీ వస్తుంది" అంది యాదిరా.

"ఆ సంగతి నాకు చెప్పకు తల్లీ. ఇరవై ఏళ్ళు నేను చేసిందే అది" అంది ఎనెయిదా.

ఆదివారం ముహూర్తం పెట్టారు. యాదిరా వెంట ఉండి ఇంటింటి కంప్యూటర్‌నీ కడగాలి. వీధిలో ఉన్న ప్రతి పెన్‌డ్రైవూ, ప్రతి మెమరీ కార్డూ ఒబ్దూలియా ఇంట్లో ఉన్న పెద్ద అన్నం గిన్నెలో పడాలి. అన్నీ కడిగేదాకా ఎవరూ ఎక్కడా ఏదీ తగిలించకూడదు. ఎనెయిదా పాత టార్చి తీసి బయల్దేరింది.

అందరూ ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, ఇంకేమీ లేదని ఒట్టేశారు. పిండిడబ్బాలో ఒకటి దొరికింది. దేవతామూర్తి వెనకాల ఒకటి. చంటిపిల్ల మేజోడులో ఒకటి. ఎవేలియో మాస్టారు ఇంట్లోపల కూడా టోపీ పెట్టుకుని నిలబడితే, "వేడిగా ఉంది మాస్టారూ, టోపీ తీయండి" అంది. టోపీలో ఉన్నదాంట్లో ఏముందో యాదిరా చూసింది గాని ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత చాలా రోజులు మాస్టారు ఆ అమ్మాయి ఎదురొస్తే అవతలి పక్కకి దాటిపోయేవాడు.

సాయంత్రానికి వీధంతా శుభ్రపడింది. ఎనెయిదా కంప్యూటరూ, డిస్కూ అందరి ముందే కడిగించుకుంది. ఒక్కటి మాత్రం కడగలేదు. అది ఆమె రవికలో ఉంది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ చిన్న ఎర్ర పెన్‌డ్రైవ్‌లో ఉన్నది రిగోబెర్తో గురక. అవును, గురకే. బతికుండగా ఆ మనిషి గురకకి కిటికీ అద్దాలు కదిలేవి, తెల్లారి అడిగితే తను గురక పెట్టనే పెట్టనని వాదించేవాడు. ఒప్పించడానికి ఎనెయిదా ఒకసారి ఫోన్ దిండు పక్కన పెట్టి రికార్డు చేసింది. విని, ఇది రైలింజన్ చప్పుడు, నువ్వెక్కణ్ణుంచో పట్టుకొచ్చావు అన్నాడు. కేసు తేలకుండానే పోయాడు. పోయాక ఆ ఇంట్లో నిశ్శబ్దానికి ఆమెకి నిద్ర పట్టేది కాదు. ఆ రికార్డు పెట్టుకుంటే పట్టేది. అప్పటి నుంచి రోజూ పడుకునే ముందు కంప్యూటర్‌కి తగిలించి, బాణమో గీణమో నొక్కి, గురక వింటూ పడుకుంటోంది.

ఎవరికైనా చెప్పుకునే సంగతేనా అది? మూటలు తిప్పే మనిషికి ఇంకో కాపీ తీసుకోవడం చిటికెలో పని. కానీ ఒక్క రిగోబెర్తోతోనే వేగలేక చచ్చాను, ఇంకొకడెందుకు అనుకునేది. అసలు భయం వేరే ఉంది. కడిగితే మాస్టారి పద్యాల్లాగే ఇదీ పోతే? పద్యాలంటే మళ్ళీ రాసుకోవచ్చు.

శనివారం మూట తిరిగింది. సోమవారానికి బాణాలు మళ్ళీ మొలిచాయి.

ఎనెయిదా వీధిలోకి వచ్చి ఎవరింకా దాచారో చెప్పమని ఇల్లిల్లూ నిలదీసింది. గుమ్మడికాయల దొంగ అనకముందే తన భుజాలు తనే తడుముకుంటోందని ఎవరికీ తట్టలేదు. యాదిరా మాత్రం మెల్లిగా, ఎక్కడో ఒక్కటి మిగిలింది పిన్నీ, కడగని దాన్ని ఎవరో రోజూ వాడుతున్నారు అంది. ఇంకొక్క ఆదివారం చూద్దామని యాదిరానే వీధిని బతిమాలింది. ఈసారీ తప్పితే వచ్చే శనివారం ఒస్మేల్ వస్తాడు.

ఆ వారం ఎనెయిదా తనలో తను చాలా తిట్టుకుంది. ఎందరి ఇళ్ళల్లో ఎన్ని బానలు, ఎన్ని గ్లాసులు వంచింది తను. ఒక్కొక్కరూ వద్దమ్మా, మా అమ్మ కోసం పెట్టింది అంటుంటే వినకుండా పారబోసింది కదా. ఒక చేతిలో గురక, ఒక చేతిలో వీధి. రెండూ ఉండాలంటే కుదరదని తెలిసీ శనివారం దాకా ఏ చెయ్యీ విప్పలేకపోయింది.

ఆదివారం ఒబ్దూలియా ముందుగదిలో వీధంతా చేరింది. ఇళ్ళల్లో కంప్యూటర్లూ, గిన్నెలో ఉన్నవన్నీ కడగడం అయింది. ఇంకేమైనా ఉన్నాయా అని యాదిరా అడిగింది. ఎనెయిదా అందరి ముందే రవికలో చెయ్యి పెట్టి ఎర్ర పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదే. పురుగు ఇందులో ఉంది. మొదటి నుంచీ నా దగ్గరే ఉంది. ఒస్మేల్‌ని పిలుచుకోండి. కానీ తల్లీ, లోపలున్నది మాత్రం పోనివ్వకు."

యాదిరా దాన్ని అందుకుంది. తగిలించింది, బాణం తీసేసింది, మూల నక్కిన పురుగుని తుడిచింది, ముసుగు లేపింది. లోపల ఒక్కటే ఫైలు. పాడవలేదని చూపించడానికి నొక్కింది. ల్యాప్‌టాప్ తీగ ఒబ్దూలియా టీవీ పక్కనున్న పెద్ద స్పీకరుకి పెట్టి ఉందని ఆ అమ్మాయికి గుర్తులేదు.

గదంతా గురక. ఒక పొడుగు లాగుడు, ఇక ఊపిరి రాదేమో అన్నంత ఆగడం, తర్వాత బుస్సుమని వదలడం. మూడోసారి వదిలేసరికి వెనకెవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. ఎవేలియో మాస్టారు ఇదేం సీరియల్ అని అడిగాడు. ఎనెయిదా నేలచూపు చూస్తూ నిలబడింది, చెవులు ఎర్రబడ్డాయి.

ఒబ్దూలియా ఒక్కతే నవ్వలేదు. నోరు మూయమని అందరికీ చేత్తో సైగ చేసి, గురక అయిపోయేదాకా విని, కుర్చీలో కూలబడింది.

"రిగోబెర్తో" అంది. "అంటే నువ్వు పెట్టేదేనన్నమాట."

ఏం పెట్టేది అని అడిగింది ఎనెయిదా.

"గోడవతల. వాడు పోయాక కూడా రాత్రిళ్ళు నాకు వినపడుతూనే ఉంది. దయ్యమై తిరుగుతున్నాడనుకున్నా. ఫాదర్‌తో చెప్తే వచ్చి మంత్రాలు చదివి పంపించేస్తాడేమోనని ఎవరితోనూ అనలేదు. ఆ చప్పుడు లేకపోతే నాకూ నిద్ర రాదు మరి, ఇన్నేళ్ళ అలవాటు."

ఎనెయిదాకి ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చింది. ఆ గదిలో ఎవరూ ఒస్మేల్ పేరెత్తలేదు. శనివారం ముందు తమ ఇంటికే రావాలని ఇద్దరు ముగ్గురు పోటీపడ్డారు, హీరోయిన్‌కి చూపు వచ్చిందో లేదో ఇంకా తెలియనివాళ్ళు వాళ్ళు. యాదిరా పెన్‌డ్రైవ్ తీసి ఎనెయిదా అరచేతిలో పెట్టింది.

వీధి వెళ్ళిపోయాక ఒబ్దూలియా గుమ్మం దాకా వచ్చి, ఎవరూ వినకుండా ఎనెయిదా చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ్టి నుంచి కాస్త సౌండు పెంచి పెట్టవే. నా చెవులు ఇదివరకటిలా లేవు."