సాక్ష్యం చెప్పిన తర్వాత శామీర్‌పేటకు

వారాల తరబడి బతిమాలితే అన్న శామీర్‌పేట ఆసుపత్రికి రావడానికి ఒప్పుకున్నాడు. అదీ ఒక షరతు మీద: మేడ్చల్‌లో మా చర్చి సంఘం వాళ్ళకెవరికీ తెలియకూడదు.

ప్రకాశం అన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఎముకల దాకా పాకింది. సిటీ డాక్టరు రాసిన గోలీలకు దగ్గు కాస్త నెమ్మదించగానే, ఆదివారం ఆరాధనలో లేచి, దేవుడు తనను ముట్టాడని, స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మాలో సాక్ష్యమంటే ఆషామాషీ కాదు, చెప్పినవాడు దాని మీద నిలబడాలి. ఇప్పుడు కీమో ఎక్కించుకుంటే జుట్టు రాలుతుంది, ఊరంతా చూస్తుంది. "దేవుణ్ణి అబద్ధికుణ్ణి జెయ్యమంటవా?" అని నన్ను అడిగాడు. నాకు అన్న ఊపిరే ముఖ్యం. దేవుడి పరువు దేవుడే చూసుకుంటాడనుకున్నాను కానీ, పైకి అనలేదు.

నేనుండేది మచ్చ బొల్లారంలో. పొద్దున ఏడు దాటాక బొల్లారం స్టేషన్‌లో మేడ్చల్ వైపు లోకల్ ఎక్కాను. జనమంతా సికింద్రాబాద్ వైపు పోయే వేళ కాబట్టి సీటు సులువుగా దొరికింది. మేడ్చల్ బస్టాండులో అన్న మెడకు మఫ్లర్ చుట్టుకొని నిలబడి ఉన్నాడు. స్కాన్ ఫిల్ములను చీరల షాపు సంచిలో దాచి తెచ్చాడు, కవరు మాత్రం సగం బయటికే ఉంది. పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాం. తిన్నామంటే నేను తిన్నాను, ఆయన ఒక ముక్క తుంచి చట్నీలో కలుపుతూ కూర్చున్నాడు. ఈ దారిన ఆసుపత్రికి పోయేవాళ్ళు టిఫిన్ ఇక్కడే కానివ్వండి. ఆ తర్వాత ఎవరికీ ఆకలి గుర్తుండదు.

శామీర్‌పేట బస్సు తొమ్మిదిన్నరకు కదిలింది. ఆధార్ చూపిస్తే నాకు సున్నా టికెట్ ఇచ్చారు. అన్న డబ్బులిస్తూ, "మీ ఆడోళ్ళ పనే నయముంది" అని నవ్వబోతే దగ్గు వచ్చింది.

ఊరు దాటకముందే రత్నమ్మ ఎక్కింది. మా సంఘం మనిషే, శామీర్‌పేటలో ఉన్న బిడ్డ దగ్గరికి పోతోంది. అన్న సంచిని కాలితో సీటు కిందికి తోశాడు. ఆమె ముందు సీట్లో కూర్చొని మా వైపు తిరిగింది, ముఖం వెలిగిపోతోంది.

"వందనాలన్నా. నీ సాక్ష్యం ఇన్నకాడికెంచి మా ఆయన షుగర్ గోలీలు బంద్ జేసిండు. ప్రకాశమన్నకు గంత రోగమే పోయింది, నాదెంత అంటాండు."

కాలి పుండు కూడా ప్రార్థనతోనే మానుతుందని భర్త దానయ్య నమ్మకంగా ఉన్నాడట. అన్న మఫ్లర్ నోటికి అదుముకున్నాడు. దగ్గును ఆపీ ఆపీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడైనా నిజం చెబుతాడని చూశాను. చెప్పలేదు. ఆ మాట ఆయనే చెప్పాల్సింది. తమ కోసం ప్రార్థన చెయ్యమని చెప్పి రత్నమ్మ దిగిపోయింది.

ఆసుపత్రి చిన్నది. పదకొండు దాటాక పిలిచారు. డాక్టరమ్మ ఫిల్ములు చూసి నెమ్మదిగా చెప్పింది. కీమో తీసుకున్నా తీసుకోకపోయినా, నొప్పికీ ఆయాసానికీ మందులు ఈ రోజు నుంచే ఇస్తారు. కీమో పడకపోతే ఆపేయొచ్చు, అది అన్న ఇష్టం.

"ఎక్కించుకుంటె పోతదా అమ్మా?" అన్నాడు అన్న.

"పోదు. కొన్నాళ్ళు ఆగొచ్చు. ఆగకపోవచ్చు కూడా."

నిజం చెప్పినందుకు ఆమె మీద నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ వేరే జవాబు కోసమే ఆయన్ని బతిమాలానని అప్పుడు తెలిసింది.

తిరుగు బస్సు కోసం ఎండలో చాలాసేపు నిలబడ్డాం. మూడు గంటలప్పుడు వచ్చింది. శామీర్‌పేట చెరువు గాలికి అన్న కళ్ళు మూసుకున్నాడు, నిద్రపోయాడనుకున్నాను. కాసేపటికి కళ్ళు తెరిచి ఫోన్ తీశాడు.

"దానయ్యా, నేను ప్రకాశాన్ని. గోలీలు ఏసుకో. నాకు తగ్గలే, దవాఖానకెంచే వస్తున్న."

అవతల ఏం అడిగాడో, అన్న చాలాసేపు విన్నాడు.

"దేవుడు అబద్ధమాడలే. నేనే తొందరపడ్డ. ఆదివారం అందరి ముంగట గిదే జెప్త."

ఫోన్ జేబులో పెట్టుకొని నా వైపు చూడకుండానే అన్నాడు. "ఒక్కపారి ఎక్కించుకుంట. పడకపోతె ఇగ బంద్. అప్పుడు నువ్వు బతిమాలొద్దు చెల్లె."

బతిమాలనన్నాను. నేను కోరుకున్నదే జరిగింది. అయినా మేడ్చల్ దాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. దిగేటప్పుడు సంచి పట్టుకోబోతే ఇవ్వలేదు. ఫిల్ముల కవరు బయటికి తీసి, అందరికీ కనబడేలా చేత్తో పట్టుకొని, బస్సు డిపో ముందు నుంచి ఇంటివైపు మెల్లగా నడిచాడు.