తోటదాసు ఆఖరి చరణం

పొద్దున్నే మా మరిది నా ఫోన్‌కి ఒక బొమ్మ పంపాడు. రోజూ పువ్వులూ దీపాలూ శుభోదయాలూ పంపే మనిషి, ఇవాళ కాస్త రూటు మార్చి, ఒకే తేదీన పుట్టిన ఒక సంగీత దర్శకుడి ఫోటో, ఒక పాటల రచయిత ఫోటో పక్కపక్కన అతికించి, "ఎంత విచిత్రమో చూడండి వదినా" అని రాశాడు. అందులో విచిత్రం ఏముంది? ఏడాదిలో ఉన్న రోజులు కొన్నే, పాటలు కట్టేవాళ్ళు బోలెడుమంది, ఎక్కడో ఒకచోట ఇద్దరికి ఒకే రోజు పడక తప్పదు. ఆ మాటే రాసి పంపుదామనుకుని ఆగిపోయాను. ఎందుకంటే అలాంటి ఇద్దరిని నేను చాలా దగ్గర నుంచి చూశాను. వాళ్ళ సంగతి గుర్తొస్తే ఈ ఎండల్లో, మిట్టమధ్యాహ్నం కూడా, నాకు వీపు మీద చల్లగా అవుతుంది.

ఒకరు మా పెదనాన్న. నూజివీడు బజారులో కిరాణా కొట్టు, ఎండాకాలం మామిడి వ్యాపారం, ఏడాది పొడుగునా హార్మోనియం. రెండో ఆయన ఆగిరిపల్లి వైపు మేం ఏటా గుత్తకి తీసుకునే తోటలో కాయలు కోసే ముఠాకి పెద్ద. పిల్లలం ఆయన్ని పాటల బాబాయి అనేవాళ్ళం. ఇద్దరూ జ్యేష్ఠ శుద్ధ దశమి నాడు, నడిమధ్యాహ్నం, ఒకే ఊళ్ళో పుట్టారు. మంత్రసాని కూడా ఒక్కతే. ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి పరిగెత్తి ఇద్దరినీ నేల మీదికి దింపిందట. ఎవరు ముందని తర్వాత అడిగితే, ఎవరింట్లో తాంబూలం పెడితే ఆ ఇంటి పిల్లాడే ముందని చెప్పుకుంటూ కాలక్షేపం చేసింది మహాతల్లి. దాంతో పెదనాన్న బాబాయిని "తమ్ముడూ" అని పిలిచేవాడు, బాబాయి పెదనాన్నని "తమ్ముడూ" అని పిలిచేవాడు. బజారులో నలుగురి ముందు మాత్రం బాబాయి "శెట్టిగారూ" అనేవాడు. తోట కంచె దాటాడో లేదో మళ్ళీ తమ్ముడే. అన్న అనే మాట ఇద్దరి నోటి నుంచీ ఒక్కసారి కూడా రాలేదు, ఆ పంతం అలాంటిది.

ప్రతి ఏడూ వాళ్ళ పుట్టినరోజుకి ఒక కొత్త భజన పాట పుట్టాల్సిందే. దానికొక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం వేళ బాబాయి తోటలో ఒక పెద్దరసం మామిడి చెట్టెక్కి, చివర వల కట్టిన గెడతో కాయలు కోస్తూ పైనుంచి ఒక్కో చరణం వదిలేవాడు. కింద గోనెపట్టా మీద హార్మోనియం పెట్టుకుని కూర్చున్న పెదనాన్న దాన్ని అక్కడికక్కడే వరసలో పెట్టేవాడు. బాబాయికి చుట్ట అలవాటు. ప్రతి చరణానికి ముందూ ఒకటి దగ్గేవాడు, ఖళ్ళున. ఆ దగ్గు వినపడితే పెదనాన్న వేళ్ళు మెట్ల మీద సర్దుకునేవి. ఆఖరి చరణంలో 'తోటదాసు' అని బాబాయి తన పేరు పెట్టుకునేవాడు. అది మకుటం. మకుటం పడితేనే పాట పూర్తయినట్టు. అది పడేదాకా హార్మోనియం తిత్తి మూయకూడదని, రాముడికి హారతి ఇవ్వకూడదని మా భజన వాళ్ళ పట్టింపు. సాయంత్రం రామమందిరంలో ఆ పాట పాడేవారు. మాటలన్నీ బాబాయివే. పెదనాన్నకి మాటలు రావు. కొట్లో ఎవరైనా కొసరు అడిగితే వద్దని చెప్పడానికి కూడా మాట దొరక్క, ఇచ్చేసి ఊరుకునే రకం ఆయన.

ఎనిమిదేళ్ళ క్రితం మాఘమాసంలో బాబాయి పోయాడు. జ్వరం అన్నారు, గుండె అన్నారు, చివరికి ఏదీ తేల్చలేదు. దింపుడు కళ్ళం దగ్గర, అందరి ముందూ, పెదనాన్న వంగి ఆయన చెవి దగ్గర "అన్నా" అన్నాడు. ముందు వెళ్ళాడు కాబట్టి పెద్దవాడు వాడేనని తేలిపోయిందట. ఇంటికొచ్చి స్నానం చేసి, పెద్దమ్మతో, ఉప్పు తెమ్మన్నంత మామూలుగా అన్నాడు: "ఈ ఏటి పాట ఇంకా మిగిలుంది. వాడు చెప్తాడు. మకుటం పడ్డ రోజు నేనూ వెళ్ళిపోతాను." పెద్దమ్మ తిట్టింది. ముసలితనంలో ఈ పిచ్చి మాటలేంటి అంది.

ఆ తర్వాత ఫాల్గుణంలో ఒకరోజు, నేను కొట్లోనే ఉన్నాను, ఎవరికో బెల్లం తూస్తున్న పెదనాన్న ఉన్నట్టుండి దగ్గాడు. ఖళ్ళున. జన్మలో చుట్ట ముట్టని మనిషి. తక్కెడ చేత్తో పట్టుకునే, కళ్ళు మూసుకుని, పల్లవి అందుకున్నాడు.

సొన అంటిన చేతి వాసన పోదురా రామా
కడిగినా కడిగినా పోదురా

బెల్లం కొనడానికొచ్చిన ఆవిడ నవ్వింది, శెట్టిగారు హుషారుగా ఉన్నారనుకుంది. నాకు నవ్వు రాలేదు. గొంతు పెదనాన్నదే, దగ్గు మాత్రం ఆయనది కాదు. ఉగాది వెళ్ళాక మళ్ళీ ఒకరోజు అన్నం కలుపుకుంటూ దగ్గాడు. ఈసారి చరణం.

కొమ్మ మీద నేనుంటే కింద నీ నీడ
కొమ్మ దిగి నే పోతే ఎవరిదా నీడ

పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు దగ్గినా ఆవిడ ఉలిక్కిపడేది. నా దగ్గరకొచ్చి, "ఇంకెన్ని చరణాలుంటాయే?" అని అడిగింది. బాబాయి పాటకి సాధారణంగా రెండు చరణాలు, పైన మకుటం. ఆ సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలుసు. అయినా అడిగింది పాపం.

ఆ ఏడాది కూడా, ఇప్పటిలాగే, రెండు జ్యేష్ఠమాసాలు వచ్చాయి. ముందు అధికం, తర్వాత నిజం. అధికమాసంలో ముహూర్తాలుండవు, పుట్టినరోజులు చెయ్యరు, అన్నీ నిజమాసంలోనే. ఇది మా ఇళ్ళలో పసిపిల్లలకి కూడా తెలుసు. పెదనాన్నకి అప్పటికే కళ్ళలో శుక్లాలు ముదిరాయి. పంచాంగం చదివి చెప్పేది పెద్దమ్మే. ఆవిడ ఏం చేసిందంటే, అధిక జ్యేష్ఠంలో వచ్చిన దశమినే పుట్టినరోజని చెప్పేసింది. పాయసం వండింది, కొత్త పంచె పెట్టింది, బంధువుల్ని పిలిచింది. నాకు మాత్రం పక్కకి పిలిచి చెప్పింది. "ఈ రోజు గడిచిపోతే ఆయన మనసులో ఉన్న గడువు కూడా గడిచిపోద్ది. అసలు రోజొచ్చేసరికి మామూలు రోజనుకుంటాడు." యముడు కూడా ఈవిడ చెప్పిన పంచాంగమే నమ్ముతాడా అని నాకు నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను.

ఆ మధ్యాహ్నం తోటలోకి వెళ్ళాం. కోతలు జోరు మీదున్నాయి. ఎక్కడ చూసినా గంపలు, గడ్డి, కాయల వాసన. ఆ పెద్దరసం చెట్టు ఒక్కటే ఎవరూ ముట్టలేదు. ఎక్కమంటే ముఠాలో ఒక్కరూ ఎక్కలేదట, కాయలు నిండుగా అలాగే వేలాడుతున్నాయి. పెదనాన్న దాని కిందే గోనెపట్టా వేయించుకున్నాడు. పల్లవి, మొదటి చరణం వాయించి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగాడు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. గడ్డి పరుస్తున్న ఆడవాళ్ళు ఎందుకో మాటలు ఆపేశారు. అప్పుడు పైన ఒక కొమ్మ, మనిషి ఒక కాలు మార్చి ఇంకో కాలు మోపితే ఎలా ఊగుతుందో, అలా ఊగి ఆగింది. ఒక కాయ పట్టా పక్కనే పడింది. "కోతేమోలెండి" అన్నాడు ముఠాలో ఒకతను. అందరం తలలెత్తి చూశాం. కోతి లేదు. పెదనాన్న దగ్గి, రెండో చరణం అందుకున్నాడు.

బుట్టలన్నీ నిండాయి బండి కదిలింది
చిట్టచివరి కాయొక్కటి చెట్టునే ఉంది

పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి. ఎండ వాలేదాకా అలాగే కూర్చున్నాం. ఇంకేమీ రాలేదు. చివరికి పెదనాన్న మకుటం లేకుండానే తిత్తి మూశాడు, నాకు తెలిసి ఆయన అలా చేయడం అదే మొదలు. దార్లో పెద్దమ్మ ఆటోలో కూర్చుని చిన్నపిల్లలా నవ్వుతూనే ఉంది. రాత్రి రెండోసారి పాయసం కూడా తినిపించింది.

నెల తిరిగి అసలు దశమి వచ్చింది. అప్పటికి తోటలు ఖాళీ అయ్యాయి, తొలకరి పడింది. పెద్దమ్మ హార్మోనియం పెట్టెని పాత చీరలో చుట్టి అటక మీద పెట్టించింది. ఆ పూట నన్ను తోడుగా ఉండమంటే వెళ్ళాను. పెదనాన్న ముందుగదిలో పడకకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. బయట మబ్బు పట్టి, మధ్యాహ్నమే దీపం పెట్టుకోవాలనిపించేంత చీకటి. వంటింట్లో పెద్దమ్మ మామిడితాండ్ర ముక్కలు కోస్తోంది. నేను గుమ్మంలో నిలబడి ఏదో కబురు చెప్తున్నాను. ఆవిడ దగ్గింది.

ఖళ్ళున. మగవాడి దగ్గు. నేను మాట ఆపేశాను. కత్తి ఆడుతూనే ఉంది, ఆవిడ తల ఎత్తలేదు. పెళ్ళిలో మంగళహారతి కూడా పాడి ఎరగని మా పెద్దమ్మ, సన్నగా, వరస తప్పకుండా పాడింది.

తోటదాసు వాకిట్లో నిలుచున్నాడు
పెట్టె మూసి రమ్మంటూ పిలుచుచున్నాడు

పాడాక ఏం పాడిందో ఆవిడకి తెలిసింది. పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళు ఇంతింతలయ్యాయి. మేమిద్దరం వాకిలి వైపు చూడలేదు. చూడాలని నాకు ఎంత అనిపించినా చూడలేదు. కాసేపటికి ఆవిడ చెంగు తీసి, "నా మీద ఒట్టే, ఆయనకి చెప్పమాక" అంది. నేను తలూపాను. ముందుగదిలోకి తొంగి చూస్తే పెదనాన్న అలాగే కళ్ళు మూసుకుని ఉన్నాడు. హమ్మయ్య, నిద్రపోతున్నాడు అనుకున్నాం.

ఆ తర్వాత ప్రతి ఏడూ దశమి నాడు ఆయన హార్మోనియం దింపమనేవాడు. ఆ పాటనే మొదటి నుంచి వాయించి, రెండో చరణం అయ్యాక ఆగి, చెవి ఒగ్గి వింటున్నట్టు కూర్చుని, "ఈ ఏడు కూడా రాలేదే" అని మూసేసేవాడు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. పెద్దమ్మ ఆ రెండు పాదాలనూ నోట్లో దాచుకునే బతికింది. ఆవిడ మొగుడి ప్రాణం ఆవిడ నాలిక కింద ఉంది. పాట మాట వస్తే చాలు, లేచి వెళ్ళిపోయేది. మొన్న పుష్యమాసంలో, పెద్ద బాధేమీ పడకుండా, పోయింది.

ఆవిడ పోయాక ఆ చరణం నా ఒక్కదానికే మిగిలింది. అది ఎంత బరువో అప్పుడు తెలిసింది. పెదనాన్నకి తొంభై దగ్గర పడుతోంది. చూపు పూర్తిగా పోయింది, ఎవరినీ ఏమీ అడగడు. చెప్తే ఏమవుతుందో అని భయం, చెప్పకపోతే ఆయన సొమ్ము ఆయనకి ఇవ్వనట్టు. ఒట్టు పెట్టించుకున్న మనిషే లేదు. కిందటి నెల ఉండబట్టలేక వెళ్ళి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "తెలుసమ్మా. ఆ రోజే విన్నాను. ముందు దగ్గు, తర్వాత పాట" అన్నాడు.

"మరి ఇన్నేళ్ళూ రాలేదంటూ ఎందుకు మూసేశావు పెదనాన్నా?" అని అడిగాను.

"మీ పెద్దమ్మ అంత భయపడిపోయింది కదే. అధికంలో పుట్టినరోజు చేసేసింది పిచ్చిది, కళ్ళు కనపడకపోతే నాకు నెల కూడా తెలీదనుకుంది. దాన్ని ఒదిలేసి ఎలా వెళ్తాను? కాసేపు ఆగరా అన్నాను వాణ్ణి. ఆగాడు." నా తల మీంచి చెయ్యి తీసి, "ఈ ఏడు నిజ జ్యేష్ఠంలో మన రోజు ఎప్పుడొస్తదో చూసి చెప్పమ్మా. పెట్టె తిత్తి చిరిగింది, బాగు చేయించు. పాట పూర్తి చేద్దాం" అన్నాడు.

నేను చాలా ఏడ్చాను. ఆయన ఏడవలేదు. ఇప్పుడు మధ్యాహ్నం పూట వీధి తలుపు వేయనివ్వడం లేదని పనావిడ చెప్పింది. వాకిట్లో ఒక ముక్కాలిపీట కూడా వేయించాడట. ఎవరి కోసమండీ అంటే, ఎంతసేపని నిలబడతాడు అన్నాడట. మొన్న వెళ్ళినప్పుడు చూశాను. ఎండలో పీట ఒక్కటే ఉంది, కింద దాని నీడ ఉంది. ఆ నీడ కాస్త పెద్దదనిపించి, దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచి లోపలికి వెళ్ళాను.

హార్మోనియం బెజవాడలో బాగుచేసే ఆయన దగ్గర ఇచ్చాను. అయిపోయిందండీ, తీసుకెళ్ళండి అని ఆయన ఫోన్ చేస్తూనే ఉన్నాడు. వస్తానండీ, ఎండలు తగ్గనివ్వండి అంటున్నాను. పెద్దమ్మ కోసం అన్నేళ్ళు ఆగిన మనిషిని, నా కోసం ఇంకొక్క ఏడాది ఆగమని అడగడానికి నోరు రావడం లేదు. అధికమాసం ఎప్పుడు వెళ్తుందా అని మా ఇళ్ళలో అందరూ ఎదురుచూస్తారు, నేనూ ఎప్పుడూ అలాగే చూశాను. ఈ ఒక్కసారి మాత్రం, లెక్కలోకి రాని ఈ నెల ఇలాగే ఎప్పటికీ అయిపోకుండా ఉంటే ఎంత బాగుండునా అనిపిస్తోంది.